పన్నెండు డైవ్‌లతో బారెన్ దీవికి వెళ్లవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. కావలిలో ఇద్దరు, ఒంగోలులో ఒకరు, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఇంకొకరు, మొత్తం నలుగురు స్నేహితులు. పుదుచ్చేరిలో స్కూబా డైవింగ్‌లో తొలి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశారు. తలా పది పన్నెండు డైవ్‌లు అయ్యాయి. వచ్చే సీజన్‌లో లైవ్‌అబోర్డ్, అంటే వారం పాటు పడవలోనే తిని, పడుకుని, రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లలోకి దిగే యాత్ర చేయాలనుకుంటున్నారు. మనసంతా అండమాన్‌లోని బారెన్ దీవి మీదే ఉంది. కుదరకపోతే మాల్దీవులు. ఏ నెలలో వెళ్లాలి, పడవను ఎలా ఎంచుకోవాలి, ఏమేం తీసుకెళ్లాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. బారెన్‌ను ఈసారికి పక్కన పెట్టండి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో హావ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ఐదారు రోజులు ఒడ్డున బస చేసి ఆ పై మెట్టయిన అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆక్సిజన్ పాలు పెంచిన గాలితో డైవ్ చేయడం నేర్పే నైట్రాక్స్ కోర్సు, రెండూ ముగించండి. ఆ తరువాత మార్చి, ఏప్రిల్ నెలల్లో మాల్దీవుల నడిమి భాగంలోని అటాల్స్‌ను, అంటే ఉంగరంలా ఏర్పడిన పగడపు దీవుల గుంపులను, చుట్టే తేలికపాటి మార్గంలో పడవ ఎక్కండి. బారెన్ ఎక్కడికీ పోదు. 1787లో బద్దలైనట్టు మొదటిసారి నమోదైన ఆ అగ్నిపర్వతం చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. ఇంకొన్నాళ్లు మీ కోసం ఆగగలదు.

ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క లెక్క తెలిస్తే మీరు రేపు ఏ మారుమూల దీవికి వెళ్లాలన్నా ఎవరినీ అడగనక్కర్లేదు. పోర్ట్ బ్లెయిర్‌కు, అదే ఇప్పటి శ్రీ విజయపురానికి, బారెన్ సుమారు 135 కిలోమీటర్లు. ఒంగోలు నుంచి నెల్లూరు కన్నా కొంచెం ఎక్కువ. రోడ్డు మీదైతే రెండు గంటల పని కాబట్టి మనకు అది దూరంగా అనిపించదు. కానీ డైవింగ్ పడవలు గంటకు ఎనిమిది నుంచి పది నాటికల్ మైళ్లు, అంటే పదిహేను నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్తాయి. సముద్రం మంచిగా ఉంటే ఎనిమిది గంటలు. ఎదురుగాలి ఉంటే ఎంతన్నది సరంగునే అడగాలి. దీవిలో మనుషులు ఉండరు, మిమ్మల్ని ఒడ్డున దిగనివ్వరు కూడా. సాయంత్రం నాలుగింటికి మీలో ఒకరికి డీకంప్రెషన్ జబ్బు, అంటే లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైకి వచ్చాక బుడగలై బాధించే జబ్బు, లక్షణాలు కనిపిస్తే అర్ధరాత్రికి గానీ రేవు చేరరు.

ఆ ఎనిమిది గంటలూ రోగికి ఇవ్వాల్సిన మొదటి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్. మామూలు మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తారు. గంటకు 900 లీటర్లు, ఎనిమిది గంటలకు 7,200 లీటర్లు. 2021లో కరోనా రెండో అలప్పుడు మన ఊళ్లలో బీ టైపు, డీ టైపు సిలిండర్ల పేర్లు తెలియని ఇల్లు లేదు. బీ టైపులో దాదాపు 1,500 లీటర్లు ఉంటుంది. అంటే గంటా నలభై నిమిషాలు. అలాంటివి ఐదు ఉంటే తప్ప రేవు దాకా రావు. పీల్చినప్పుడే విడుదలయ్యే డిమాండ్ వాల్వు ఉంటే ఇంకా ఎక్కువసేపు వస్తుంది. రోగులు ఇద్దరైతే లెక్క రెట్టింపు. బుక్ చేసేముందు పడవ వాళ్లను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఎన్ని లీటర్ల ఆక్సిజన్ ఉంది, దాన్ని ఇవ్వడంలో శిక్షణ పొందినవారు పడవలో ఎంతమంది? 'అన్నీ ఉన్నాయి సార్, కంగారు పడకండి' అనేది జవాబు కాదు. అంకె చెప్పగలిగినవాడితోనే మాట్లాడండి. రెండో ప్రశ్న, దగ్గరలోని రీకంప్రెషన్ ఛాంబర్, అంటే రోగిని ఎక్కువ గాలి ఒత్తిడిలో ఉంచి ఆ బుడగలను తగ్గించే గది, ఏది, ఈ వారంలో అది పనిచేస్తోందా? అండమాన్‌లో ఈ విషయంలో పోర్ట్ బ్లెయిర్‌లోని నావికాదళ ఆసుపత్రి మీదే ఆధారపడతారు. మాల్దీవుల్లో ఛాంబర్లు ఒకటికి మించి ఉన్నాయి, మధ్య అటాల్స్‌లో ఎక్కడున్నా స్పీడ్‌బోటు సాయం దొరుకుతుంది. నేను మాల్దీవులు అనడానికి అసలు కారణం ఇదే. తిమింగలం సొరలూ మాంటా రేలూ ఆ తరువాతి సంగతి.

లక్షణాల గురించి ఒక మాట. భుజంలోనో మోచేతిలోనో లోపలి నుంచి నొప్పి, చేతివేళ్లలో తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, ఎంత పడుకున్నా తీరని అలసట. మన వాళ్లకు ఉన్న అలవాటు ఏమిటంటే, 'ట్యాంకు మోసినందుకు పట్టేసినట్టుంది' అని అమృతాంజనం రాసుకుని పడుకోవడం. పొద్దున్నే మళ్లీ డైవ్‌కు దిగడం. డబ్బు కట్టేశాం, ఒక డైవ్ పోతుందే అన్న బాధ ఒకటి. డైవ్ చేసిన ఇరవై నాలుగు గంటల్లో ఇలాంటిది ఏది వచ్చినా ముందు గైడుకు చెప్పాలి, వెంటనే ఆక్సిజన్ తీసుకోవాలి. నలుగురూ బయలుదేరేముందే దీని మీద ఒక ఒప్పందానికి రండి. ఒకరు దాచితే మిగతా ముగ్గురూ చెప్పేయాలి.

ఇక పడవ సంగతి. ఫొటోల్లో సోఫాలూ జకూజీలూ చూసి పడవను ఎంచుకునే వాళ్లే ఎక్కువ. నేనైతే నిద్రపోయే చోటు నుంచి బయటికి ఎన్ని దారులున్నాయో చూస్తాను. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తెల్లవారుజామున తగలబడింది. కింది అంతస్తులో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. అక్కడి నుంచి రెండు దారులు ఉండేవి, కానీ రెండూ పైన మంటలు లేచిన ఒకే గదిలోకి తెరుచుకునేవి. రాత్రి కాపలా తిరిగే మనిషి లేడని దర్యాప్తులో తేలింది. 2024 నవంబరులో ఈజిప్టు ఎర్ర సముద్రంలో సీ స్టోరీ అనే పెద్ద లైవ్‌అబోర్డ్ తెల్లవారకముందే మునిగిపోయింది. పదకొండు మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. రెండూ మనుషులు నిద్రలో ఉన్నప్పుడు జరిగినవే.

కాబట్టి పడవ ఎక్కిన మొదటి గంటలో ఫొటోలు ఆపి ఈ పనులు చేయండి. మీ కేబిన్ నుంచి లైఫ్ జాకెట్ల దాకా, అక్కడి నుంచి పై డెక్కు దాకా నడవండి. దీపాలు ఆర్పేసి, కళ్లు మూసుకుని, గోడ తడుముతూ ఇంకోసారి నడవండి. అత్యవసర ద్వారం ఉందన్నారనుకోండి, దాన్ని మీ చేత్తో తీసి చూడండి. దాని మీద ఎవరో సూట్‌కేసులు పేర్చి ఉంటే అప్పుడే తీయించండి. రాత్రంతా మేలుకుని ఉండే మనిషి ఎవరు అని అడిగి పేరు తెలుసుకోండి. టార్చిలు, కెమెరాలు, పవర్ బ్యాంకులు కేబిన్‌లో పెట్టి ఛార్జింగ్‌లో వదిలేసి నిద్రపోకండి. పగలు, మనుషులు తిరిగే చోట, చూస్తుండగా ఛార్జ్ చేసుకోండి. మాల్దీవుల్లో కంప్రెసరూ ట్యాంకులూ సాధారణంగా వెంట వచ్చే దోనీలో ఉంటాయి, డైవ్‌కు కూడా అందులోనే వెళ్తారు. పెద్ద పడవలో మోత, పొగ ఉండవు. పైగా ఒక పడవకు ఏమైనా అయితే ఇంకొకటి పక్కనే ఉంటుంది. నాకు ఈ పద్ధతి చాలా నచ్చుతుంది.

మీ పన్నెండు డైవ్‌ల గురించి. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్‌తో 30 మీటర్ల దాకా దిగవచ్చు. మాల్దీవుల్లో సరదా డైవింగ్‌కు చట్టప్రకారమే 30 మీటర్లు హద్దు. చాలా పడవలు, ముఖ్యంగా ప్రవాహాలు గట్టిగా ఉండే మార్గాల్లో, అడ్వాన్స్‌డ్‌తో పాటు ముప్పయ్యో యాభయ్యో డైవ్‌లు లాగ్ బుక్‌లో చూపించమంటాయి. అది వ్యాపారపు షరతు అనుకోకండి. అక్కడ మంచి డైవ్‌లన్నీ ప్రవాహంలోనే ఉంటాయి. అటాల్ లోపలికీ బయటికీ నీరు పోయే కాలువలను కందు అంటారు, నీటి మట్టానికి కిందనే ఆగిపోయే దిబ్బలను తిల అంటారు. సొరలు కందు అంచున, నీళ్లు గట్టిగా లోపలికి వస్తున్నప్పుడు గుమిగూడతాయి. ఆ ప్రవాహంలో దిగినప్పుడు పైన తేలుతూ మాస్క్ సర్దుకునే వ్యవధి ఉండదు. దూకిన వెంటనే కిందికి పోవాలి. పది మీటర్లు తప్పిపోతే ఆ దిబ్బ మళ్లీ దొరకదు. మైపాడులోనో ఇసకపల్లిలోనో వేటకు వెళ్లే పెద్దవాళ్లను అడగండి, అమావాస్యకూ పౌర్ణమికీ ఆటుపోట్లు ఎలా మారతాయో చెబుతారు. అక్కడా చంద్రుడు అదే. తొలి యాత్రకు తేదీలు ఎంచుకునేటప్పుడు అష్టమి మధ్యలో పడే వారం చూసుకుంటే ప్రవాహాలు కొంత నెమ్మదిగా ఉండే అవకాశం ఉంది.

అందుకే హావ్‌లాక్ అన్నాను. మన నెల్లూరు తీరంలో సాధన చేయడానికి వీలుండదు. మైపాడులో మోకాలి లోతు నీళ్లలో నిలబడితే సొంత పాదం కనిపించదు, పెన్న తెచ్చే ఒండ్రు అలాంటిది. హావ్‌లాక్‌లో రోజుకు రెండు డైవ్‌లు చేస్తూ మూడు విషయాలు చేతికి అలవాటు చేసుకోండి. మొదటిది నీళ్లలో మునగకుండా, పైకి తేలకుండా నిలవడం. చేతులు ఆడించకుండా, ఐదు మీటర్ల లోతులో, పట్టుకోవడానికి ఏమీ లేకుండా మూడు నిమిషాలు ఒకేచోట ఆగగలగాలి. రెండోది నీళ్ల కింద నుంచే గాలి నింపి పైకి వదిలే నారింజ రంగు గుర్తు గొట్టం, అదే ఎస్‌ఎంబీ. నలుగురికీ నాలుగు ఉండాలి. గైడు దగ్గర ఉందిగా అంటే కుదరదు. ప్రవాహంలో విడిపోయినప్పుడు అలల మధ్య మీ తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. పడవ వాళ్లు వెతికేది ఆ గొట్టాన్నే. దాన్ని ఎవరైనా మొదటిసారి వదిలినప్పుడు రీలు దారం వేలికి చుట్టుకుంటుంది, లేదా ఊపిరి బిగబట్టి గొట్టంతో పాటు తామూ పైకి లేస్తారు. రెండూ ప్రమాదమే. ముందు ఈత కొలనులో, తరువాత సముద్రంలో, విసుగు పుట్టేదాకా చేయండి. మూడోది గాలి. ట్యాంకులో యాభై బార్ ఒత్తిడి మిగిలి ఉండగానే పైకి రావాలని అందరికీ తెలుసు, నూరు బార్ అయినప్పుడు గైడుకు చూపించడం మాత్రం మరిచిపోతారు.

నైట్రాక్స్ తప్పకుండా నేర్చుకోండి. మామూలు గాలితో 30 మీటర్ల దగ్గర తొలి డైవ్‌లో ఇరవై నిమిషాలే ఉండగలిగితే, 32 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమంతో దాదాపు ముప్పై నిమిషాలు ఉండవచ్చు. ఒంట్లో నైట్రోజన్ రోజురోజుకూ పేరుకునే లైవ్‌అబోర్డ్‌లో దీని విలువ ఇంకా ఎక్కువ. కానీ ఆ మిశ్రమంతో సుమారు 34 మీటర్లు దాటితే ఆక్సిజనే విషమయ్యే ప్రమాదం ఉంది. ట్యాంకులో ఎంత శాతం ఉందో మీటరు పెట్టి మీరే కొలవండి, మీరే సంతకం పెట్టండి.

నెలల విషయం. మాల్దీవుల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలుల కాలం. సముద్రం ప్రశాంతంగా, నీరు తేటగా ఉంటుంది. మే తరువాత నైరుతిలో వానలు, అలలు. అయితే ప్లవకాలు పెరిగి మాంటా రేలు గుంపులుగా వచ్చేది కూడా అప్పుడే. బా అటాల్‌లోని హనిఫారు గురించి మీరు రాశారు. అక్కడ స్కూబా నిషేధం, స్నార్కెలింగ్ ఒక్కటే చేయనిస్తారు, మాంటాల కాలం జూన్ నుంచి నవంబరు. మీ మార్చి యాత్రలో దాన్ని ఆశించకండి. తిమింగలం సొరలను మాత్రం దక్షిణ అరి అటాల్‌లో ఏడాది పొడవునా చూడవచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం టికెట్లు కొనకండి. అక్కడి వాతావరణం ఎలా ఉన్నా, ముందు మన జిల్లా దాటాలి కదా. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుపానుకు చెన్నై విమానాశ్రయం మూతపడింది. హోటల్ అయితే ఒకరోజు ఆలస్యంగా చేరవచ్చు. పడవ మాత్రం లంగరు ఎత్తిందంటే మీ కోసం వెనక్కి రాదు, డబ్బూ రాదు. ఏ నెలలో వెళ్లినా ఒకరోజు ముందే మాలె చేరి ఆ రాత్రి అక్కడ పడుకోండి. మాస్క్, లోతూ సమయమూ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్, ఉంటే ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి. పెట్టె ఇంకో విమానం ఎక్కినా మీరు డైవ్ చేయగలుగుతారు. భారతీయులకు మాల్దీవుల్లో దిగగానే పర్యాటక అనుమతి ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపల అక్కడి ఇమ్మిగ్రేషన్ వారి ఇముగా (IMUGA) వెబ్‌సైటులో వివరాలు నింపాలి. మద్యం సీసా వెంట తీసుకెళ్లకూడదు.

ఖర్చు గురించి అంకెలు చెప్పను, ఆరు నెలల్లో మారిపోతాయి. పడవ ధరలో ఏవి కలవవో మాత్రం రాతపూర్వకంగా అడగండి. నైట్రాక్స్, అద్దె సామాను, సిబ్బందికి ఇచ్చే టిప్పు, విమానాశ్రయం నుంచి తీసుకెళ్లే ఛార్జీ, 2025 నుంచి రోజుకు 12 డాలర్లయిన గ్రీన్ ట్యాక్సు. బీమా విషయంలో పిసినారితనం వద్దు. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో స్కూబా మినహాయింపుల జాబితాలో ఉంటుంది. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వంటి డైవింగ్ బీమా తీసుకోండి, ఛాంబర్ ఖర్చూ తరలింపు ఖర్చూ ఎంతవరకు ఇస్తారో చదవండి. మీలో ఒకరికి షుగర్ ఉందని రాశారు. ఆ మిత్రుడు వైద్య పత్రంలో దాన్ని దాచకూడదు. డైవింగ్ తెలిసిన వైద్యుడి సంతకం లేకుండా డబ్బు కట్టకండి.

సామానులో కొనాల్సినవి మూడే: ముఖానికి సరిపోయిన మాస్క్, డైవ్ కంప్యూటర్, ఎస్‌ఎంబీ. మిగతావి అద్దెకు తీసుకోండి. నీరు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది, మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. నాలుగో రోజుకు అది వేసుకున్నా చలి పుడుతుంది, తలకు ఒక హుడ్ ఉంటే మంచిది. మీసాలున్నవాళ్లు ముక్కు కింద ఒక సన్నని గీతంత కత్తిరించుకోండి, మాస్క్‌లోకి నీరు కారేది అక్కడి నుంచే. నెల్లూరు మీసం పరువు పోతుందనుకుంటే ప్రతి డైవ్‌లోనూ మాస్క్ ఖాళీ చేసుకుంటూ ఉండండి, మీ ఇష్టం.

కడుపు తిప్పకుండా ఘాట్ రోడ్డులో వేసుకునే అవోమిన్ మాత్రే చాలామందికి తెలుసు. అది మత్తు ఇస్తుంది. వైద్యుడిని అడిగి, ఏ మాత్రయినా ముందు ఇంటి దగ్గర ఒక సెలవు రోజు వేసుకుని చూడండి. నిద్ర ముంచుకొస్తే అది డైవింగ్‌కు పనికిరాదు. కందిపొడి తీసుకెళ్లండి, మూడో రోజు నుంచి పడవలో అందరూ మీ స్నేహితులే. కానీ డైవ్‌కు ముందు కారంగా, నిండుగా తినకండి. తలకిందులుగా దిగేటప్పుడు అది గొంతులోకి తన్నుతుంది. జలుబు ఉంటే ఆ డైవ్ మానేయండి. ముక్కు విడిచే మందు వేసుకుని దిగితే, మందు ప్రభావం నీళ్ల కిందే తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది.

చివరిది తిరుగు ప్రయాణం. వరుసగా రోజులపాటు డైవ్ చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది సిఫారసు. 24 గంటలు పెట్టుకోండి. పడవలు కూడా చివరి రోజు డైవ్ పెట్టవు. ఇది విమానానికి మాత్రమే అనుకుంటారు చాలామంది. పుదుచ్చేరిలో ఆదివారం ఉదయం డైవ్ చేసి, మధ్యాహ్నం కారెక్కి, దారిలోనే కదా అని సాయంత్రానికి తిరుమల కొండ ఎక్కేవాళ్లను చూశాను. తిరుమల సముద్ర మట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైనే ఉంది. ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కు విమానమూ ఘాట్ రోడ్డూ ఒకటే. మీ బెంగళూరు మిత్రుడికీ ఇదే వర్తిస్తుంది, ఆ ఊరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. పుదుచ్చేరికి సాధన డైవ్‌లకు వచ్చినప్పుడు అతన్ని అదే సాయంత్రం కారులో వెనక్కి పంపకండి. ఆ రాత్రి కావలిలో మీ ఇంట్లో పడుకోబెట్టి మర్నాడు మధ్యాహ్నం పంపండి. కొండకు మొక్కు ఉంటే సోమవారం దర్శనం పెట్టుకోండి.